అరసున్న

డండీలో పెర్త్ రోడ్డు మీద, చేపలు వేయించే కొట్టు పైన
మూడో అంతస్తు. కిటికీలోంచి టే నది,
రైలు వంతెన, ఆపైన ఎప్పుడూ తడిగుడ్డలాంటి ఆకాశం.
అక్కడ కూర్చుని పద్నాలుగేళ్లు
ఇతరుల నోళ్లలో మాటలు పెట్టాను.

నా పని లెటరింగ్.
కథ స్ట్రూవన్ పెట్రీది, బొమ్మ ఐల్సాది.
బుడగ నాది. బుడగలో అక్షరం నాది.
అక్షరం చెప్పే మాట మాత్రం నాది కాదు.
చేతికి పాత అలవాటొకటి పోలేదు:
ఇంగ్లీషు ఓ రాస్తే తెలుగు సున్న వచ్చేది,
కొంచెం పక్కకి ఒరిగి, కడుపు నిండిన పిల్లిలా.
ఎడిటరు రెండుసార్లు తిట్టి మానేశాడు.

మా కథానాయిక సముద్రపు పక్షి. ఇంగ్లీషు పేరు వేరే ఉంది,
నేను ఉప్పురెక్క అని పిలుచుకునేదాన్ని.
నలభై ఏడో సంచిక, పంతొమ్మిదో పేజీలో
ఉప్పురెక్క గడి గోడ పట్టుకుని ఎక్కింది,
గడికీ గడికీ మధ్య తెల్లటి గట్టు మీద
వరిమళ్ల నడుమ నడిచినట్టు ఒద్దికగా నడిచి
తిన్నగా స్ట్రూవన్ గదిలోకి దిగింది.

అవును, తన్ను తానే కథలో వేయించుకున్నాడు.
టైపురైటరు, టీ కప్పు, వెనక కిటికీలో వాన.
పొట్ట తగ్గించి గీయమని ఐల్సాకి విడిగా చీటీ పంపాడు.
ఐల్సా తగ్గించింది. జుట్టు కూడా కాస్త ధర్మం చేసింది.

కొత్తేమీ కాదు. పద్యం చివరి పాదంలో
తమ పేరే కట్టుకున్న శతక కవులు మాకున్నారు.
తోలుబొమ్మలాటలో తెరవెనక మనిషి
దీపం ఒత్తి సవరించబోతే, ఒక్క క్షణం
రావణుడి పది తలల మీదుగా అతని చెయ్యి నీడ పడుతుంది.
ఆ చెయ్యి పొరపాటున పడుతుంది.
స్ట్రూవన్ బాగా ఆలోచించి పడ్డాడు.

ఉప్పురెక్క అడిగింది: నా తమ్ముణ్ణెందుకు చంపావు?
స్క్రిప్టులో అతని జవాబు నలభై మూడు మాటలు.
కథ కోరిందట. తనూ ఏడ్చాడట.
దేవుడి వేషం కట్టినవాడు క్షమాపణ అడిగినా
సింహాసనం దిగకుండానే అడుగుతాడు.
చివర, విడిగా, చిన్న బుడగలో:
"నేను లేకపోతే నువ్వు లేవు."

ఆ తమ్ముడు చచ్చిన నెల నాకు గుర్తే.
అమ్మకాలు పడిపోయాయి, స్ట్రూవన్ అద్దె రెండు నెలలు బాకీ.
ఆ పిల్లాడి ఆఖరి బుడగ రాసింది నేనే,
వణుకుతున్న గీతతో. మూడు చుక్కలు. అంతే.

బుడగకి ఒక తోక ఉంటుంది, మీరు గమనించరు.
తోక ఎవరి నోటివైపు ఉంటే మాట వాళ్లది.
ఆ రాత్రి కింద కొట్టు కట్టేశారు, మెట్లనిండా నూనె వాసన.
తెల్లరంగుతో తోక చెరిపాను.
ఆరేదాకా ఊదాను.
అవతలి వైపు కొత్త తోక గీశాను.
అక్షరం ఒక్కటీ మార్చలేదు.

ఇప్పుడు ఉప్పురెక్క అంటోంది, టీ కప్పు పట్టుకున్నవాడితో:
"నేను లేకపోతే నువ్వు లేవు."

పొద్దున ప్రూఫు చూసి స్ట్రూవన్ చాలాసేపు మాట్లాడలేదు.
తోక, అన్నాడు.
చెయ్యి జారింది, అన్నాను.
కోటు వేసుకుని వానలోకి పోయాడు. దిద్దమనలేదు.

తర్వాత గ్లాస్గోలో ఓ సభ. ఆ ఒక్క మాటకి
హాలంతా లేచి చప్పట్లు.
స్ట్రూవన్ తల వంచి అందుకున్నాడు. ఆ రోజు పొట్ట నిజం పొట్టే.
వెనక వరసలో నన్ను వెతికాడనిపించింది,
అనిపించడమే కావచ్చు, నా కళ్లద్దాలు తడిగా ఉన్నాయి.

మా భాషలో అరసున్న అని ఒకటుండేది.
రాసేవారు, పలికేవారు కాదు.
తీసేస్తే ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు. తీసేశారు.
పాత అచ్చుపుస్తకాల్లో ఇప్పటికీ
మాటల మధ్య నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది.

ఇంతకీ ఈ పద్యంలోకి నేనూ దూరాను, చూశారుగా.
నా పొట్టా తగ్గించుకున్నాను.
అద్దె మాటెత్తి స్ట్రూవన్‌ని కాస్త చిన్నవాణ్ణి చేశాను.
ఉప్పురెక్క ఏ గట్టు మీదో నిలబడి చూస్తూ ఉండొచ్చు.
నన్ను నమ్మేముందు ఒక్కసారి
తోక ఎటుందో చూసుకోండి.